లోపలికి రాకూడని గది

పరిశోధనశాలలో చదువుకునే పిల్లలంతా ఆమెను మైక్రోస్కోపక్క అనేవాళ్లు. నేలకింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, నిలువెత్తు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు ఆమె ఉద్యోగం. వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని లోహపు బిళ్లల్లో అయస్కాంతత్వం ఎటు తిరిగి ఉందో, ఎంత ఉందో కొలిచేది.

భర్త సిటీబస్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఆమె కోసం గేటు దాకా వచ్చేవాడు. లోపలికి రమ్మంటే, "ఎక్కడికి పోతుందిలే, ఒకరోజు తీరిగ్గా చూస్తా" అనేవాడు. ఆ తీరిక రాకముందే గుండె లయ తప్పి పేస్‌మేకరు పెట్టించుకున్నాడు. మైక్రోస్కోపు కటకాలు పెద్ద పెద్ద అయస్కాంతాలు. పేస్‌మేకరు ఉన్నవాళ్లు రాకూడదని ఆ గది తలుపు మీదే రాసి ఉంటుంది. స్టీరింగు కూడా మాన్పించడంతో ఆయన పరిశోధనశాల వసారాలో బెంచీ మీద పొద్దు పుచ్చేవాడు.

"సవతి పోరు ఆడవాళ్లకే అనుకున్నా. నాకూ తప్పలేదు" అని పిల్లల్ని నవ్వించేవాడు.

బిళ్లను కొలిచే ముందు పెద్ద కటకాన్ని ఆపాలి. లేకపోతే దాని బలానికి బిళ్లలోని అయస్కాంతత్వమే మారిపోతుంది. ఈ సంగతి ఆయన చెవిన పడింది.

"ఆపేశావుగా. ఒక్క చూపు చూసి వచ్చేస్తా."

"ఆపినా కాస్త మిగులుతుందండీ. వద్దు."

ఆయన ముఖం చూడలేక బిళ్ల బొమ్మ ప్రింటు తీసి బయటికి తెచ్చింది. "ఎలక్ట్రాన్లు బిళ్లలోంచి పోతూ రవ్వంత పక్కకి వంగుతాయి. ఆ వంపును లెక్కగట్టి గీసిన గీతలివి."

గీతలు చుట్లు చుట్లుగా ఉన్నాయి.

"మా డిపో ముందు సర్కిల్లా ఉందే. అందరూ ఒకవైపే తిరుగుతున్నారు. మరి నడిమధ్యన?"

"అక్కడ తిరగడానికి చోటుండదు. అందుకని అయస్కాంతత్వం పైకి లేస్తుంది. ఆ కాస్త చోటు కొలవడానికే మా తంటాలన్నీ."

"చోటు లేకపోతే పైకి పోవడమేనన్నమాట."

"ఏం మాటలవి" అని కసిరింది. ఆయన నవ్వాడు.

ఆ చలికాలం ఆయనకు న్యుమోనియా వచ్చింది. పేస్‌మేకరు తన పని తాను చేస్తూనే ఉంది, ఊపిరే అందలేదు. మూడోనాడు ఆస్పత్రిలోనే పోయాడు.

కొన్నాళ్లకు నడిమధ్య చోటు కొలత తేలింది. పిల్లలు సంబరపడ్డారు. ఆమె అంకెలు సరిచూసి కంప్యూటరు కట్టేసింది. ఆ తర్వాత నుంచి ఆదివారాలు కూడా పనికి వెళ్లసాగింది.

"సెలవు రోజు కూడా ఎందుకమ్మా?" అంది కూతురు.

"ఇంట్లో ఎటు చూసినా మీ నాన్నేనే. ఆ గదిలో ఆయన ఎప్పుడూ లేడు. కాసేపు లోటు తెలియదు."

మరుసటి ఆదివారం కూతురు చెప్పులేసుకుని తల్లి వెంట బయల్దేరింది. ఆ గదిలో ఇద్దరూ సాయంత్రం దాకా పక్కపక్కనే కూర్చున్నారు.