సున్నా పెట్టనివ్వని జానకక్క

మా జానకక్క పోయింది. సోమవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతూ ఇంటి వాకిట్లోనే కూలిపోయిందట. ఆమె తమ్ముడు ఫోనులో ఆ మాట చెప్పే సమయానికి నేను ఆమె సరిచూడమన్న ప్రోగ్రామునే చూస్తున్నాను. ఫోను పెట్టేశాక కూడా కాసేపు చూస్తూనే ఉన్నాను. కళ్ళకు ఆ వార్త ఇంకా చేరలేదు.

తమిళనాడు రాజపాళయంలో నూలు మిల్లుల యంత్రాలకు కంట్రోల్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. మేము రాసిన ప్రోగ్రామును ఆ పెట్టెలోని చిప్పుకు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఆర్. జానకి. నేను మిల్లులో నూలు లెక్కలు వేస్తూ, పుస్తకాలు చూసి ప్రోగ్రాం రాయడం నేర్చుకుని వచ్చినవాణ్ణి. లెక్క చేయడం నాకు ముందే వచ్చు. చేసిన లెక్కను అనుమానించడం నేర్పింది ఆమె.

ప్రోగ్రాములో తప్పుందని తోస్తే కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. మాది తప్పు లేనిచోట కూడా ఇచ్చేది. నూలు తెగితే యంత్రం ఎంతసేపు ఆగాలో లెక్కవేయమని ఒకచోట రాస్తాం. కాస్త కింద, నూలు తెగితేనే ఆ లెక్కను వాడమంటాం. మధ్యలో ఏదీ మారదు. అయినా "లెక్కవేయకుండా వాడుతున్నారేమో" అని గోల. ఆ గోల పడలేక ఆఫీసులో ఒక అలవాటు పుట్టింది: ఆ విలువకు మొదట్లోనే సున్నా పెట్టేయడం. వార్నింగ్ పోయేది. అందరూ అదే చేసేవారు.

ఆ అలవాటులోని చేటు సత్రపట్టి వైపు ఒక మిల్లులో బయటపడింది. కొత్త రకం నూలు కోసం ప్రోగ్రాము మార్చినప్పుడు, ఆ నూలుకు ఎంత పురి తిప్పాలో లెక్క వేయడం మావాళ్ళు మరిచారు. కంపైలర్ అరవవలసిన చోటు అదే. కానీ సున్నా ముందే కూర్చుని ఉంది కనుక అది నోరెత్తలేదు. షిఫ్టంతా పురి లేని నూలు వచ్చింది. మీటలు తప్పుగా నొక్కిందని యంత్రం దగ్గర పనిచేసే చెల్లమ్మ అనే అమ్మాయిని మిల్లువాళ్ళు పనిలోంచి తీసేశారు.

జానకక్క నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

"సున్నా పెట్టింది మనం సార్. పళీ నిందా ఆ పిల్ల మీద వేసినారే!"

"మిల్లు సంగతి మనకెందుకమ్మా? ఆ వార్నింగులే ఆఫ్ చేసేస్తే పోలేదా?"

"కుక్క ఊరికే అరుస్తాదని నోరు కట్టేస్తే, దొంగ వచ్చిన దినం మీరు అరుస్తారా సార్?"

తానే మిల్లుకు వెళ్ళి నిజం చెప్పింది. వాళ్ళు కాఫీ ఇచ్చి విన్నారు. చెల్లమ్మను మాత్రం తిరిగి తీసుకోలేదు.

ఆ తరువాత అక్క కంపైలర్‌నే సరిచేయడానికి కూర్చుంది. సున్నాతో పోయేదానికి ఇంత శ్రమ ఎందుకని అడిగాను.

"తంబీ, తళవాయిపురం బస్సులో నీకు టికెట్ ఇచ్చిన కండక్టరే, దిగేటప్పుడు 'టికెట్ తీసినావా' అని అడిగితే ఏమంటావు?"

"మతి పోయిందా అంటాను అక్కా."

"మన కంపైలరు ఆ కండక్టరే. ముందు అడిగింది మరిచిపోతాది. దాని నోరు మూయొద్దు పా, జ్ఞాపకం ఇయ్యాల."

అదే చేసింది. 'నూలు తెగిందా' అన్న మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును కంపైలర్ కడదాకా మోసుకెళుతుంది. అదే ప్రశ్న రెండోసారి అడగనే అడగదు. చిప్పుకు పని తగ్గింది. లెక్కవేయకుండా వాడడమనే, జరగడానికి వీల్లేని దారి చెరిగిపోయింది. దానితో పాటే అబద్ధపు వార్నింగూ పోయింది. అప్పుడు మా సున్నాలన్నీ తీయించింది. ఎక్కడా చప్పుడు లేదు. ఒక్కచోట మాత్రం కంపైలర్ అరిచింది. చూస్తే నిజంగానే తప్పు. "చూసినావా! ఇంక దీని మాట నమ్మొచ్చు" అని అక్క బల్ల చరిచి నవ్వింది.

కానీ చప్పుడు లేకపోవడమే ఫలితమైన పనిని ఎవరు గుర్తిస్తారు? "వార్నింగులే లేవు, జానకమ్మకు పనేముంది?" అని క్యాంటీనులో ఎగతాళి చేసేవారు. వార్నింగులు ఎందుకు లేవని ఒక్కరూ అడగలేదు.

సంతాప సభలో మేనేజరు ఫోటోకు దండ వేసి, "ఆమె వల్ల మనకు ఏనాడూ సమస్య రాలేదు" అన్నారు. ఆ దండ వాడిపోకముందే, కంపైలర్ నిదానంగా నడుస్తోందని ఆమె చేర్చిన భాగాన్ని తీసేయించారు. అబద్ధపు వార్నింగులు తిరిగి వచ్చాయి. అందరూ వాటిని ఆఫ్ చేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. మా తెరలు మళ్ళీ శుభ్రంగా ఉన్నాయి. ఆమె ఉన్నప్పుడు కంపైలర్ చూసి, తప్పు లేదని ఊరుకున్నందువల్ల శుభ్రం. ఇప్పుడు చూడనందువల్ల శుభ్రం. చూసేవాళ్ళకు తేడా తెలియదు.

నా కంప్యూటరులో మాత్రం ఆఫ్ చేయలేదు. అక్కకు నేను చేయగల నివాళి అంతే. ఈ పొద్దు కూడా తెర నిండా వార్నింగులే. ఒక్కొక్కటీ చదువుతున్నాను. వీటిలో ఒకటి నిజమై ఉండవచ్చు. ఏదో ఒక మిల్లులో మరో చెల్లమ్మ ఆ యంత్రం ముందు నిలబడి ఉండవచ్చు. ఆ నిజమైన వార్నింగు వీటిలో ఏదన్నది చెప్పగల మనిషి మాత్రం ఇక లేదు.