వెనక కూర్చున్నవాళ్లకే తెలిసే వణుకు

మా అర్బాబ్, అంటే యజమాని, వంటగదీ పడకలూ ఉన్న తన మోటార్‌హోమ్‌కి కొత్త టైర్లు వేయించాడు. కుటుంబమంతా అందులోనే మస్కట్ నుంచి ఒమాన్ ఆ చివరనున్న సలాలాకి వెళ్లాలని వాళ్ల ముచ్చట. టైర్ల షాపువాళ్లు చక్రాలకు బ్యాలెన్సింగ్ చెయ్యలేదు. అంత పెద్ద చక్రం వాళ్ల మెషీన్ మీద పట్టదు. "ఇంత పెద్ద బండికి అది అక్కర్లేదు" అని పంపేశారు. చేతగాని పనిని అక్కర్లేని పని అనడం ఎంత సులువు!

మా డ్రైవరూ వాళ్ల పక్షమే. జగిత్యాల వైపు మనిషి, ఏళ్ల తరబడి సైట్‌లో టిప్పర్ నడిపాడు.

"టిప్పర్‌కు ఎవడన్న బ్యాలెన్స్ చేపిస్తడా సారూ? ఎన్ని రాళ్లు మోసినా ఎన్నడన్న అడిగిందా?"

"ఇందులో ఎక్కేది మనుషులు తమ్మీ."

"రాళ్లే నయం. ప్రశ్నలు అడుగవు" అని నవ్వాడు.

నేను మస్కట్ శివార్లలోని అల్ ఖౌద్‌లో అదే అర్బాబ్ ఆఫీసులో కాగితాల పని చూస్తాను. బండిని షాపు నుంచి తెచ్చిన రోజు వెనక భాగంలో కూర్చున్నది ఆయన ఇంట్లో పనిచేసే గోదావరి జిల్లా ఆవిడ. దిగుతూనే చెప్పింది: "కింద ఏదో వణుకుతోందండి. గిన్నెలు వాటంతటవే మోగుతున్నాయి."

"అక్కకు బండెక్కితే చాలు, బుగులే" అన్నాడు డ్రైవర్.

"నీ చేతిలో స్టీరింగుంది తమ్ముడూ, నా చేతిలో గిన్నె ఉంది. ఏది వణికిందో నాకు తెలీదా?"

అనుభవజ్ఞుడి మాటైనా పరీక్షకు నిలబడాలని నేర్పిన హేతువాద చర్చావేదికల మీద పెరిగినవాణ్ణి నేను. మర్నాడు నేనే వెనక కూర్చున్నాను. మెల్లగా వెళ్తున్నంతసేపూ ఏమీ లేదు. హైవే ఎక్కి వేగం పెరగగానే అరికాళ్ల కింద నేల జుమ్మని అదిరింది, అరలో కప్పులు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. వేగం తగ్గిస్తే ఆగింది, పెంచితే మళ్లీ మొదలైంది. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే డ్రైవర్ నవ్వు మాయమైంది. అదురు వెనక చక్రాలది. స్టీరింగ్ దాకా రాలేదు.

అదే వీడియో అర్బాబ్‌కి చూపించాను. ఆయన ఒక్క ప్రశ్న వెయ్యకుండా నమ్మాడు. నమ్మి, కుటుంబాన్ని కారులోకి మార్చాడు. సామాన్లు, డ్రైవర్, ఆవిడ మోటార్‌హోమ్‌లో వెనకాల రావాలి. సలాలాలో వంట ఎవరు చేస్తారు మరి? చక్రాల సంగతి తిరిగొచ్చాక చూద్దామన్నాడు. సెలవులు పాడవకూడదట.

మూఢనమ్మకంతో పోట్లాడటం నాకు తెలుసు. రుజువు చూపిస్తే అది కొంతైనా బెదురుతుంది. రుజువును ఒప్పుకుని, ప్రమాదం నిజమేనని తెలుసుకుని, దాన్ని జీతగాళ్ల వాటాకి పంచేసిన మనిషితో ఏ వేదిక మీద వాదించాలి? నా వీడియో యజమాని పిల్లల్ని కాపాడింది. ఆ వణుకును మొదట పసిగట్టిన మనిషిని మాత్రం అక్కడే వదిలేసింది.

బయల్దేరే రోజు పొద్దున ఆవిడ గిన్నెల మధ్య తువ్వాళ్లు కుక్కుతోంది.

"చప్పుడు వినపడకపోతే భయం తగ్గుద్దని మేష్టారూ."

అర్బాబ్ కుటుంబం ఎక్కిన కారు ముందు వెళ్లిపోయింది.

"అక్కా, ముందటికొచ్చి కూసో" అన్నాడు డ్రైవర్.

"మేడమ్ ముందు సీట్లో కూర్చోవద్దన్నారు."

డ్రైవర్ వెనక టైరు దగ్గరికెళ్లి దాన్ని కాలితో తట్టాడు. "పెద్ద చక్రాలు పట్టే మెషీన్ ఏడుంది సారూ?"

"బౌషర్‌లో లారీల షాపులో ఉందన్నారు."

"ఎక్కు, పోదాం."

షాపులో వెనక చక్రం ఒకటి విప్పి మెషీన్‌కి తగిలించి తిప్పారు. తేలికగా ఉన్నచోట మెకానిక్ సీసం ముక్కలు బిగిస్తున్నాడు. అంతలో డ్రైవర్ ఫోన్ మోగింది. అర్బాబ్.

"ఎత్తితే వెంటనే రమ్మంటడు. ఎత్తకుంటే నౌకరి పోతది."

"పోదాం పద తమ్ముడూ" అంది ఆవిడ. "నా మూలాన నీ వీసా పోగొట్టుకోకు."

అతను ఫోనెత్తాడు. "అర్బాబ్, టైర్ కా కామ్ చల్ రహా. గాడీ అభీ నహీ ఆయేగీ." టైర్ల పని నడుస్తోందనీ, బండి ఇప్పుడే రాదనీ చెప్పేశాడు. అవతలి మాటలు నాకు వినపడలేదు. అరుపు మాత్రం వినపడింది. "ఐవా, ఐవా" అని అరబ్బీలో సరే సరే అంటూ తలూపి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమన్నాడు?" అడిగాను.

"ఇంకో చక్రం ఇప్పుమని చెప్పు సారూ" అన్నాడు.