పలాస స్టేషన్ బయట జాతకం చెప్పే బొమ్మ

మట్టిని మనిషిగా చేసి, ఊపిరి పోసి, పేరు పెట్టి పిలిచే దేవునికి స్తోత్రం.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో పలాస స్టేషన్ బయట ఒకతను జాతకం చెప్పే రోబో బొమ్మను నిలబెట్టాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అది చెవిలో మాట్లాడేది. నేను దిగిన రైల్లోనే విశాఖ ఆసుపత్రి నుంచి వచ్చిన ఉద్దానం ప్రాంతపు దంపతులు దాని ముందు ఆగారు. అతనికి కిడ్నీలు పోయాయి. ముఖమూ పాదాలూ ఉబ్బి ఉన్నాయి.

"డాట్రుకి తెలీంది దీనికి తెలుత్తాదేటే?" అని అతను నవ్వాడు.

"ఇను మావా, సూద్దాం."

అతను విన్నాడు. "నిండు నూరేళ్లంట!" అన్నాడు, నిజంగానే సంబరపడి.

ఆమె కూడా పెట్టుకుని వింది. తరువాత నావైపు తిరిగి, అతనికి వినబడకుండా, "నాకూ అదే సెప్పింది బాబూ. ముందు ఎవులున్నారో సూడదు" అంది.

"యంత్రానికి ఆలోచన ఎక్కడిదమ్మా? ఆత్మ దేవుడిచ్చేది" అన్నాను. అతని తలమీద చెయ్యి ఉంచి స్వస్థత కోసం, దీర్ఘాయువు కోసం, ఇంట్లో శాంతి సమాధానాల కోసం ప్రార్థించాను. మా సంఘంలో పాస్టరుగా ప్రతి రోగి దగ్గరా నేను చేసే ప్రార్థనే అది.

ఆమేన్ అనగానే ఆమె భర్త చెయ్యి పట్టుకుంది.

"బొమ్మా ఈయన పేరడగనేదు, నువ్వూ అడగనేదు బాబూ."

వాళ్లు ఎక్కిన ఆటో వెళ్లిపోయింది. ఇప్పటికీ నాకు ఆ పేరు తెలియదు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం తలవంచి, ఆ పేరు ఎరిగిన దేవునికి అతని కోసం నాతోపాటు ప్రార్థించండి.