పిచ్చయ్య గారి నీడదారులు

మొన్న మా వీధిలోకి పూలమొక్కలు అమ్మే బండి వచ్చింది. బండివాడు గోనెసంచిలో ఉన్న ఊక మీద నీళ్ళు చల్లుతున్నాడు. తడిసిన ఊక వాసన తగలగానే గులాబీ మొక్క బేరం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. అందరికీ వాసన ముక్కుకు తగులుతుంది. ఈ వాసన మాత్రం నాకు అరవై ఏళ్ళుగా కడుపులో తగులుతోంది. అందుకు కారణం నా తెలివితక్కువతనమే కాబట్టి దాన్ని ముందే ఒప్పుకుంటాను. ఇరవై రెండేళ్ళ వయసులో, కొత్త సైకిలెక్కిన గర్వంలో, రెండు ఊళ్ళ మధ్య ఏది దగ్గర దారో అదే త్వరగా చేర్చే దారి అని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. వేరే ఉద్యోగంలో ఉంటే ఆ మూర్ఖత్వం నన్నొక్కణ్ణే బాధపెట్టేది. నేను టీకాలవాణ్ణి.

అరవైల మొదట్లో మశూచి ఇంకా మా నూజివీడు ప్రాంతాన్ని వదల్లేదు. జనం దాన్ని అమ్మవారు అనేవారు. పేరు పెట్టి పిలవడానికి కూడా భయం. టీకామందు సన్నటి గాజుగొట్టాల్లో వచ్చేది. చల్లగా ఉంటేనే దానికి ప్రాణం, వేడి తగిలితే చచ్చిపోయేది. హనుమాన్ జంక్షన్ నుంచి మొదటి బస్సు టాపు మీద ఐసుగడ్డ దిగేది. దాన్ని పగలగొట్టి, రేకుడబ్బాలో గొట్టాల చుట్టూ పేర్చి, ఆ డబ్బాని ఊక నింపిన చెక్కపెట్టెలో కూర్చి, పెట్టెని సైకిలు వెనక కట్టుకుని మేం పల్లెలకు బయలుదేరేవాళ్ళం. మేం అంటే నేనూ, నా పై ఉద్యోగి పిచ్చయ్య గారూ. పేరు ఆయనది, పిచ్చి నాది.

పిచ్చయ్య గారికి అప్పటికి యాభై దాటాయి. ఖాకీ చొక్కా, పంచె, పంచె చక్రంలో పడకుండా రెండు క్లిప్పులు. ముఖం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలు. టీకా ఎందుకని ఎవరైనా వాదిస్తే ఆయన తిరిగి వాదించేవారు కాదు. ముఖం కాస్త ఎండవైపు తిప్పి నిలబడేవారు, అంతే. ఎదుటివాడు చొక్కా చెయ్యి పైకి మడుచుకునేవాడు. చాట్రాయి వైపు గుట్టల్లో, రెడ్డిగూడెం వైపు తోటల్లో ఆయనకు తెలియని బండిజాడ లేదు. మైళ్ళ లెక్క ఆయనకు పట్టేది కాదు. ఏ వేళకి ఏ తోట నీడ ఏ బాట మీద పడుతుందో దాన్నిబట్టి దారి కట్టేవారు. పదిమైళ్ళ ఊరికి పదమూడు మైళ్ళు తిప్పేవారు.

"పొద్దున తోటకి పడమటి పక్కన పోవాలి. పొద్దు వాలాక తూర్పు పక్కన," అన్నారు మొదటిరోజే.

"మరి మిట్టమధ్యాహ్నం అండీ?"

"చెట్టుకింద కూచోవాలి. సర్కారు కూడా వద్దన్లేదు."

ఎక్కుడు వస్తే దిగి నడిపించేవారు, అది సరే. పల్లం వచ్చినా దిగేవారు. అదే నాకు మండేది. గుట్ట మీద నుంచి ఎర్రమట్టి బాట జారుడుబల్లలా కిందికి పోతుంటే, కుర్రవాడికి కాళ్ళెలా ఆగుతాయి?

"ఏవయ్యా శేషగిరీ, దిగు."

"పల్లమే కదండీ!"

"అందుకే దిగమంటున్నా. నీకున్న ధైర్యం గాజుగొట్టాలకి లేదు."

పేరులో గిరి పెట్టుకున్నవాణ్ణి గిరి దిగడం చేతకానివాడిలా నడిపిస్తున్నాడే అని లోపల ఉడికిపోయేవాణ్ణి.

ఆ దారుల్లో పాతకాలం ఎక్కడపడితే అక్కడ తగిలేది. ఒక ఊళ్ళో సగం విరిగిన రాతిసింహం మీద బట్టలు ఉతికేవారు. ఇంకో ఊళ్ళో శాసనపు బండ మీద మిరపకాయలు ఎండేవి. రాతిగుమ్మం అనే ఊరికైతే ఏ రాజు కట్టించాడో తెలియని పెద్ద గుమ్మం ఉంది, గోడ లేదు. అన్ని ఊళ్ళకీ గుమ్మాలుంటే, ఆ గుమ్మానికి ఒక ఊరుంది అనేవాణ్ణి నేను. పిచ్చయ్య గారు నవ్వకుండా, "ఆ గుమ్మం కింద పదకొండు దాకా నీడుంటుంది," అనేవారు. చరిత్రలో ఆయనకు కావలసింది అంతే.

ఆ ఏడు మామిడి కోతలు మొదలైన రోజుల్లో రెడ్డిగూడెం అవతల ఒక పల్లెలో అమ్మవారు పోసిందని కబురొచ్చింది. కోతలకి కూలీలు ఊరూరూ తిరిగే కాలం. వాళ్ళతో పాటే అదీ తిరుగుతుంది. పిచ్చయ్య గారు ఆ పల్లెకి తాను బయలుదేరుతూ, రెండో పెట్టె నా సైకిలుకి కట్టారు. "రాతిగుమ్మం నువ్వెళ్ళు. రెండేళ్ళుగా ఆ ఊళ్ళో పసిపిల్లలకి టీకాల్లేవు. మంగమ్మ ఎలాగో అందర్నీ ఒప్పించింది. నీడదారిన పో," అన్నారు. మంగమ్మ అంటే తోటల్లో కూలికెళ్ళే ఆవిడ. ఒక మనవడు అమ్మవారితో పోయాడు. మిగిలిన మనవరాలికి రెండేళ్ళు.

నేను సూటిదారి పట్టాను. కంకర రోడ్డు, పదే మైళ్ళు. ఎనిమిదింటికల్లా చేరి పిచ్చయ్య గారికి తెలివి చూపించాలని. సగం దూరం బాగానే పోయాను. బోడిగుట్ట దిగేచోట బ్రేకులు వదిలేశాను. ఆ గాలి, ఆ ఊపు ఇప్పటికీ గుర్తున్నాయి. అడుగున ఉన్న రాయి ఇంకా బాగా గుర్తుంది. ముందు టైరు పంక్చరైంది. గొట్టాలు పగల్లేదు. కొత్త సైకిలుకి అతుకుల సామానెందుకని నేను పెట్టుకోలేదు. చుట్టూ ఒక్క చెట్టు లేదు. నా నీడలో పెట్టెని దాచుదామని చూశాను, అది పెట్టెకి సగానికి కూడా సరిపోలేదు. సైకిలు నడిపించుకుంటూ రాతిగుమ్మం చేరేసరికి పదకొండున్నర దాటింది.

గుమ్మం కింద నీడ లేదు, జనం మాత్రం ఉన్నారు. కూలి మానుకుని, పిల్లల్ని చంకనేసుకుని, పొద్దుటి నుంచీ నిలబడ్డారు. వెనక్కి తిరిగి డబ్బాలో వేలు పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

అప్పుడు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. మళ్ళీ వస్తానని చెప్పి ఉండొచ్చు. ఈ జనాన్ని మళ్ళీ కూడేయడం అవుతుందా అని భయం అనుకున్నాను. నిజానికి పిచ్చయ్య గారికి ఏం చెప్పాలా అని భయం. గొట్టాలు విరిచాను. మంగమ్మే ముందొచ్చింది.

"ఇది ఏయించుకుంటే మా బుజ్జిదానికి అమ్మోరు రాదు గదా అయ్యా?"

"రాదు," అన్నాను.

నలభై మందికి పైగా పిల్లలు. ఒక్కొక్క తల్లీ అదే అడిగింది, ఒక్కొక్కరికీ అదే చెప్పాను. ఆ సాయంత్రం పిచ్చయ్య గారు, "ఐసు నిలబడిందా?" అనడిగితే కూడా నోరు అదే దారిన పోయింది. "నిలబడిందండీ."

"సరే. ఎనిమిదో రోజు చేతులు చూడ్డానికి ఇద్దరం వెళ్దాం."

మందుకు ప్రాణం ఉంటే నాలుగో రోజుకి చేతి మీద గింజంత పొక్కు లేస్తుంది, ఎనిమిదో రోజుకి పండుతుంది, జ్వరం వస్తుంది. నాలుగో రోజున ఆయనకు చెప్పకుండా రాతిగుమ్మం వెళ్ళాను, నీడదారినే. నన్ను చూడగానే ఆడవాళ్ళు ఎదురొచ్చారు. పిల్లలంతా చేతులు చాపారు. ఒక్క చెయ్యి మీదా ఏమీ లేదు. నున్నగా, శుభ్రంగా ఉన్నాయి.

"మీ చెయ్యి ఎంత చలవదండీ! ఒక్క పిల్లా ఏడవలేదు, ఒక్కళ్ళకీ ఒళ్ళు కాగలేదు," అంది ఒకావిడ.

"ఆ పిచ్చయ్య గారు ఏసిన ఏడు వారం రోజులు ఊరంతా ఏడుపే," అంది ఇంకొకావిడ. "ఇక మీరే రండి బాబూ. ఆయన్ని పంపించబాకండి."

మంగమ్మ నా సంచి లాక్కుని చిన్నరసాలు నింపింది. వద్దంటే వినలేదు. చలవ నా చేతిలో కాదు ఉండాల్సింది, డబ్బాలో అని చెప్పడానికి నోరు రాలేదు. తిరిగొస్తుంటే ఒక బండివాడు ఆగి, అమ్మవారు ఇటువైపే వస్తోందట, రెండు పల్లెల అవతల ఒక కోతకూలీకి పోసిందట అన్నాడు. ఆ సంచి మోయలేక బాట పక్కన దిగి కూర్చున్నాను. పళ్ళు పారేయాలనిపించింది, ఆవిడ మొహం గుర్తొచ్చి పారేయలేకపోయాను. తినడం ఎలాగూ కాదు.

తెల్లారగానే పిచ్చయ్య గారి ఇంటికెళ్ళి చెప్పేశాను. ఆయన పళ్ళు తోముకుంటున్నారు. వేపపుల్ల నోట్లోంచి తీశారు.

"నీళ్ళల్లో వేలు పెట్టావా?"

"పెట్టానండీ."

"వెచ్చగా ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"పెట్టాకే వేశావు."

ఆయన తిడితే బాగుండుననిపించింది. నోరు పుక్కిలించి, చొక్కా తొడుక్కుని, బస్సు దగ్గరకి నడిచారు. ఐసు దిగింది. ఆసుపత్రిలో మిగిలిన గొట్టాలన్నీ తెచ్చి సర్దారు. దారిలో పొద్దు నడినెత్తి దాటాక నేను తొందరపడి ముందుకి పోతుంటే, "ఆగు. ఆ తోట నీడ ఇంకా బాట మీదకి రాలేదు," అని మామిడిచెట్ల మొదట్లో నిలబెట్టారు. రెండు పల్లెల అవతల అమ్మవారు, ఇక్కడ మేం నీడ కోసం కాచుకుని ఉన్నాం. ఆయన మాత్రం పెట్టె మీద తడిగోనె సర్దుతూ కూర్చున్నారు.

గుమ్మం దగ్గర మళ్ళీ జనం చేరారు. పిచ్చయ్య గారు నా వైపు తిరిగి, "చెప్పు," అన్నారు.

చెప్పాను. మందు చచ్చిపోయిందని, ఆ టీకాలు పనికిరావని, మళ్ళీ వేయాలని. మంగమ్మ మనవరాల్ని గట్టిగా పట్టుకుంది.

"మరి ఆ రోజు రాదన్నావే?"

"తెలియక అన్నానమ్మా."

"తెలిసే అన్నాడు," అన్నారు పిచ్చయ్య గారు నా వెనక నుంచి.

ఎవరో పిల్లని తీసుకుని వెనక్కి తిరిగారు. మంగమ్మ నన్ను చూడకుండా, "మీరే ఏయండి పిచ్చయ్య గారూ. ఈ బాబు నాకొద్దు," అంది.

"నేను వేయను. ఇతనే వేస్తాడు. ఇతని మాట నమ్మొద్దులే, ఇలా రా." డబ్బా మూత తీసి ఆవిడ చెయ్యి లోపల పెట్టించారు. మంగమ్మ కెవ్వుమని చెయ్యి లాక్కుంది.

"అమ్మో! తేలు కుట్టినట్టుంది!"

"అట్లా ఉంటేనే పిల్లని ఇవ్వు. లేకపోతే మమ్మల్ని తరిమెయ్."

ఆవిడ తడి చెయ్యి మనవరాలి చెంపకి తుడిచి, పిల్ల చెయ్యి నాకు చాపింది. వెనుదిరిగినవాళ్ళు కూడా వచ్చారు. ప్రతి తల్లీ వేలు ముంచి, చలికి తిట్టి, ఆ తరవాతే పిల్లనిచ్చింది. అక్కణ్ణుంచి ఎనిమిదో రోజున ఇద్దరం వెళ్ళేసరికి ఊరంతా ఏడుపు. చేతులు వాచాయి, ఒళ్ళు కాగుతున్నాయి, ఆడవాళ్ళు మమ్మల్ని శాపనార్థాలు పెడుతున్నారు. అంత కమ్మటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. ఆ నెలలోనే ఆ ఊరి చివర తోటకాపలావాడికి అమ్మవారు పోసింది. పిల్లల్లో ఒక్కరినీ ముట్టుకోలేదు.

నేను మొత్తం సర్వీసంతా డబ్బా మూత తీసి తల్లుల చేత వేలు ముంచించాకే టీకా వేశాను. అది ఆయన నాకిచ్చిందే. కానీ ఆయన నా దగ్గర నుంచి ఒకటి తీసుకున్నారు. ఒక ఊరికి రెండుసార్లు మందెందుకు ఖర్చయిందని పైనుంచి సంజాయిషీ అడిగితే, నాకు తెలియకుండా "నా అజాగ్రత్త వల్ల" అని రాసి పంపారు. హెచ్చరిక కాగితం ఆయన పేరనే వచ్చింది. నేను నిలదీశాను.

"నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదయ్యా. నా మొహాన ఇన్ని మచ్చలున్నాయి, ఇంకోటి కనపడదు. నీ మొహం నున్నగా ఉంది."

అందరి ముందూ నన్ను నిజం చెప్పించిన మనిషి, ఆఫీసుకి మాత్రం అబద్ధం రాశాడన్న కోపం నన్ను నిలవనీయలేదు. ఆరోగ్యాధికారి తనిఖీకి వచ్చిన రోజున ముందుకి నడిచి, "అయ్యా, ఆ తప్పు నాదండీ. పిచ్చయ్య గారు నన్నడక్కుండా తీసుకున్నారు," అని ఫిర్యాదు చేశాను. అధికారి కళ్ళజోడు తీసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. నా పర్మనెంటు ఏడాది వెనక్కిపోయింది. హెచ్చరిక కాగితం నా పేరున మళ్ళీ వచ్చింది.

ఆయన రిటైరైన రోజున, అందరూ వెళ్ళిపోయాక, సైకిలు క్లిప్పులు పెట్టుకుంటూ అడిగారు. "ఆ కాగితం ఇంకా దాచావటగా? చింపి పారెయ్యవయ్యా."

"నాదాన్ని నేనెందుకు చింపుతానండీ?" అన్నాను.

ఏదో అనబోయారు. ఆయన నోటికి జవాబు అందకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే, తనివితీరా చూశాను.