కాంపౌండరు అడిగిన మాట

యేసేపు కలిపిన మందుకు ఎమ్మిగనూరులో మంచి పేరుండేది. నేతగాళ్ల వీధి చివర డాక్టర్ దేవేంద్రప్ప దవాఖానాలో పదకొండేళ్లుగా అతనే కాంపౌండరు. డాక్టరు రాసిన చీటీ చూసి, తూచి, నూరి, నీళ్లు కలిపి, జనం ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాల్లో పోసేవాడు. పూటకెంత తాగాలో తెలిసేలా అంచున గాట్లు కత్తిరించిన కాగితం ముక్క సీసాకు అంటించి ఇచ్చేవాడు. చదువు రానివాళ్లు ఆ గాట్లను వేలితో తడిమి చూసుకుని పోయేవాళ్లు. అన్నేళ్లలో ఒక్క సీసా తారుమారు కాలేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

నాటుమందు మాటెత్తితే మాత్రం మనిషి మండిపడేవాడు. దానికి కారణముంది. చిన్నప్పుడు గోనెగండ్లలో అతని తమ్ముడి కాలికి గొర్రు గుచ్చుకుంటే ఎవరో పేడ కట్టు కట్టారు. వారం తిరిగేసరికి దవడలు బిగుసుకుపోయి పిల్లవాడు పోయాడు. తర్వాత మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుంటున్నప్పుడు పేడ నుంచే ధనుర్వాతం వస్తుందని విన్న రోజున యేసేపు అన్నం తినలేదు.

పంతొమ్మిది వందల యాభై నాలుగు ఎండాకాలంలో శేషప్ప అనే రైతు మందుకని వచ్చి, జేబులోంచి ఆకుల పొడి పొట్లం తీసి, ఇది కూడా వేసుకోవచ్చా అని అడిగాడు. యేసేపు ఆ పొట్లం లాక్కుని అందరి ముందూ మురికికాలవలో పారేశాడు. "గడ్డి తినేదానికి ఈడికెందుకొచ్చినావప్పా?" అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో సుంకమ్మ అనే కూలిమనిషి కూడా ఉంది.

నెల తర్వాత సుంకమ్మ మూడేళ్ల కూతురు ముత్తమ్మను చంకనేసుకుని వచ్చింది. బిడ్డకు రెండు రోజులుగా నీళ్లవిరేచనాలు. డాక్టరు చూసి చీటీ రాశాడు. సీమసుద్దలో కొన్ని చుక్కల నల్లమందు సారం కలిపే మామూలు మందే. సీసా చేతికిస్తూ యేసేపు గద్దించినట్టు అడిగాడు.

"ఇంటికాడ ఆకులూ పసర్లూ ఏమీ పొయ్యలేదు కదా?"

"లేదన్నా" అంది సుంకమ్మ.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బిడ్డనెత్తుకుని పరుగున వచ్చింది. "పొద్దుట్నించీ నిద్ర లేయడంలేదన్నా. విరేచనాలు కట్టినాయి గాని, బిడ్డ పలకడంలేదు."

డాక్టరు ఆదోని పోయి ఉన్నాడు. యేసేపు బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి కనురెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప సూదిమొనంత ఉంది. ఊపిరి ఒకటి తీసుకుంటే, మళ్లీ ఎప్పుడు తీసుకుంటుందా అని కాచుకోవాల్సి వస్తోంది. నల్లమందు మత్తు ఎక్కువైతే కన్ను అలా అవుతుందని అతనికి తెలుసు. అయినా తను పోసిన చుక్కలకు ఇంత జరగదు.

"ఇంగేమి పెట్టినావమ్మా? తిట్టను. సెప్పు."

సుంకమ్మ కొంగుముడి విప్పింది. మిరియాలంత నల్లటి మాత్రలు రెండు మిగిలాయి. యేసేపు ఒకటి చిదిమి వాసన చూశాడు. నల్లమందు.

ఊపిరి అందేందుకు సూది వేశాడు. చిన్న రొమ్మును వత్తుతూ, నోటితో గాలి ఊదుతూ గంటకు పైగా పోరాడాడు. పొద్దు వాలకముందే ముత్తమ్మ ఊపిరి ఆగిపోయింది.

ఊరినుంచి తిరిగొచ్చిన డాక్టరు అంతా విని, "చీటీలో ఉన్నదే ఇచ్చినావు. నీ తప్పేమీ లేదు" అన్నాడు. ఆ మాట యేసేపుకు ఊరట ఇవ్వలేదు.

రెండు రోజులాగి గోనెగండ్ల పోయాడు. సుంకమ్మకు ఆ మాత్రలిచ్చింది అక్కడి హులిగమ్మ. కాన్పులు చేస్తూ, పిల్లలకు మందులిస్తూ బతికే ముసలామె. దారి పొడవునా ఆమెను అనాల్సిన మాటలు కూర్చుకుంటూ నడిచాడు. తీరా పోయేసరికి ఆమె అరుగు మీద కళ్లు ఉబ్బి కూర్చుని ఉంది. కబురు ముందే చేరింది.

"మా అమ్మ కాలం నుంచి ఇస్తాండాము. ఒక్క బిడ్డ పోలేదప్పా" అంది.

"నా సీసాలో కూడా నల్లమందే ఉండాదవ్వా."

హులిగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దవాఖానాకు పోయినావా అని ఆయమ్మను నేనడిగినా. లేదనింది. అట్ల పోయినోళ్లను నేనూ తిడతాంటాను. అందుకే దాచింటాది."

తిట్టాలని వచ్చిన యేసేపు అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. ఇకమీదట పిల్లలకు ఆ మాత్ర ఇవ్వనని ఆమె అంది. విరేచనాలకు మొదటినుంచీ ఉప్పేసిన గంజి కూడా తాపిస్తున్నానని, ఇక అదొక్కటే ఇస్తానని చెప్పింది. అది మంచిదేనని యేసేపు ఒప్పుకున్నాడు.

అక్కడినుంచే సుంకమ్మ గుడిసెకు పోయాడు. రెండు మందులూ ఒకటే కావడం వల్ల బిడ్డ పోయిందని, ఒక్క మాట కూడా దాచకుండా చెప్పాడు. అది దేవుడి ఆగ్రహమనుకుంటున్న ఆమెకు ఈ నిజం మరింత భారమవుతుందని తెలిసీ చెప్పాడు.

సుంకమ్మ గోడవైపు చూస్తూ అంది. "నువ్వు అడిగిన తీరుకి నోట్లోంచి లేదనే మాటే వచ్చిందన్నా."

ఆ తర్వాత దవాఖానాలో మందిచ్చే పద్ధతి మారింది. సీసా అందుకోకముందే యేసేపు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. "ఇంటికాడ ఏమేమి వాడినారు? అందరూ ఏదో ఒకటి వాడతారు, నాక్కూడా తెలిస్తే మంచిది" అనేవాడు. వరుస కదలడం లేదని డాక్టరు విసుక్కున్నా మానలేదు.

మూడేళ్ల తర్వాత ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే హుసేనప్ప ఉబ్బసంతో వచ్చాడు. ఎప్పటిలాగే కూర్చోబెట్టి అడిగితే, కాసేపు నసిగి, ఉమ్మెత్తాకు చుట్ట తాగుతున్నానన్నాడు.

"దినానికెన్ని?"

"నాలుగైదు. నోరెండిపోతాంది, కండ్లు మసకగా ఉండాయి."

చీటీలో ఉన్నదీ ఉమ్మెత్త జాతి మందే, రెండూ కలిస్తే ప్రమాదం. యేసేపు చీటీ పట్టుకుని లోపలికి పోయి సంగతి చెప్పాడు. డాక్టరు రాసింది కొట్టేసి వేరేది రాశాడు. హుసేనప్ప చుట్టలు మానేసి ఆ మందే తాగాడు. పదిరోజులకు మళ్లీ మిల్లు పనికి పోయాడు.

సుంకమ్మ మాత్రం ఆ దవాఖానా గడప తొక్కలేదు. జ్వరమొచ్చినా, కాన్పు కష్టమైనా ఆదోని పోయేది. సంతరోజు దారిలో ఎదురైతే యేసేపు పక్కకు తప్పుకుని నిలబడేవాడు. ఆమె తల దించుకుని దాటిపోయేది. క్షమించమని అతనెప్పుడూ అడగలేదు.