గ్రీకు నొప్పి

బ్రెడ్డు ప్యాకెట్ విప్పగానే వచ్చే తియ్యటి వాసనకు నాకు మా నాయనమ్మ మోకాళ్లు గుర్తొస్తాయి.

పదేళ్లుగా ఆమె "కీళ్లు గుంజుతున్నయ్" అని మూలుగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. శంషాబాద్ దవాఖానలో డాక్టరు "ఆర్థ్రైటిస్" అన్నాక మాత్రం రావిర్యాల చుట్టాలు కూడా బ్రెడ్డు, పండ్లు పట్టుకొని చూడటానికి వచ్చారు. నాయనమ్మ మంచం మీద మహారాణిలా కూర్చునేది. అంత పెద్ద పేరున్న రోగంతో ఆమె చచ్చిపోతుందని నేను దాక్కుని ఏడ్చేదాన్ని.

చివరికి బడిలో ఇంగ్లిషు సారును అడిగాను.

"అది గ్రీకు మాట. ఆర్థ్రాన్ అంటే కీలు, చివర ఐటిస్ ఉంటే వాపు. ఇంగ్లిషులో రోగాల పేర్లు చాలావరకు గ్రీకు, లాటిన్‌వే" అన్నారాయన.

సంతోషంతో ఇంటికి పరిగెత్తాను. ఇంటి నిండా చుట్టాలు.

"నాయనమ్మా, నీకేం గాలె! ఆర్థ్రైటిస్ అంటే కీళ్ల వాపేనంట, గంతే!"

అందరూ నవ్వారు. నాయనమ్మకు ఇవ్వబోయిన బ్రెడ్డును ఆమె ఆడబిడ్డ మళ్లీ తన సంచిలో పెట్టుకుంది. వాళ్లు వెళ్లాక నాయనమ్మ నా చెవి మెలేసింది.

"గిన్నేండ్లకు నా నొప్పికి ఒక పేరొచ్చింది. నీ సదువు పాడుగాను, దాన్ని మల్ల తెలుగుల కలిపినవ్!"

మొన్న నా భుజం చూసి డాక్టరు "పెరి ఆర్థ్రైటిస్" అన్నాడు. కీలు చుట్టూ వాపని నాకు తెలుసు. ఇంట్లో మాత్రం తెలుగులో చెప్పలేదు.

బల్ల మీద ఇప్పుడు మూడు బ్రెడ్డు ప్యాకెట్లున్నాయి.