రాని జబ్బు

మదనపల్లె మార్కెట్ దగ్గర బస్సు ఆగినప్పుడల్లా మిగలపండిన టమాటాల పులిసిన వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. నేను మళ్లీ పదిహేడేళ్ల పిల్లనైపోతాను. తొంభైల నడుమ ఆ వెనక వీధి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఆ ఏడాది ఏది నిజంగా జరిగిందో, ఏది జరిగిందని నేననుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఖాయంగా చెప్పగలిగింది రేణుక మేడం గురించే.

ఆవిడ మాకు బాటనీ చెప్పేవారు, హాస్టల్ వార్డెన్ కూడా. దసరా సెలవుల తర్వాత ఫ్యాను చప్పుడులో ఎవరో నా పేరు పలుకుతున్నట్టు ఉండేది. అమ్మాయిలు నవ్వితే నా గురించే అనిపించేది. పుస్తకంలో మాటలు విడివిడిగా కనిపించేవి గానీ అర్థం అతుక్కునేది కాదు. తిండి తగ్గింది, నిద్ర పోయింది. ప్రేమ వ్యవహారమని స్నేహితురాళ్లు అనుకున్నారు. చౌడేపల్లె నుంచి వచ్చిన నాయన గాలి సోకిందన్నాడు.

ఒక సాయంత్రం మేడం మెట్ల మీద నా పక్కన కూర్చున్నారు. "క్లాసులో మాటిమాటికీ వెనక్కి తిరుగుతాండావు. ఎవురన్నా పిలుస్తాండారా శాంతా?" అని అడిగారు. ఆ ముఖంలో నవ్వు లేదు, జాలీ లేదు.

"పిలుస్తాండారో లేదో తెలీదు మేడం."

"తెలీదంటాండావు గదా, ఆ అనుమానం ఉండంగానే డాక్టరు దగ్గరికి పోదాం."

ఊళ్లో తెలిస్తే సంబంధాలు రావని నాయన భయపడ్డాడు. తాయెత్తు కట్టించినా సరే, దాంతోపాటు డాక్టరుకూ చూపించాలని మేడం ఆయనను ఒప్పించారు. దీన్ని ఇంకా జబ్బు అనలేమని, ముదరవచ్చు, తగ్గిపోవచ్చని డాక్టరు చెప్పాడు. నిద్ర సరిచేయాలన్నాడు, చదువు ఒత్తిడి తగ్గించమన్నాడు, వారం వారం వచ్చి మాట్లాడమన్నాడు. ప్రతి వారం మేడమే వెంట వచ్చారు. ఆ ఏడు పరీక్షలు మానుకుని, మరుసటి ఏడు రాశాను. ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. ఒకరోజు ఫ్యాను చప్పుడు ఉత్త ఫ్యాను చప్పుడులాగే వినిపించింది.

నేను కుప్పంలో టీచరయ్యాక, రిటైరైన మేడాన్ని చూడటానికి పుంగనూరు వెళ్లాను. ఆవిడ అనపకాయలు ఒలిచి గింజలు తీస్తున్నారు. ఎన్నేళ్లుగానో లోపల ఉన్నది అడిగేశాను.

"ఆ పొద్దు మీరు డాక్టరు దగ్గరికి పిలుచుకోని పోకుంటే నాకు పిచ్చి పట్టేదా మేడం?"

ఆవిడ ఇంకో కాయ ఒలిచారు. "తెలీదమ్మా. నాకు భయమైంది, పిలుచుకోని పోయినాను."

అవునంటారనుకున్నాను. అలా అనుంటే కృతజ్ఞత చెప్పి తేలికపడేదాన్ని. రానే రాని జబ్బుకు ఆవిడకు ఎంత రుణపడి ఉండాలో తెలియక, ఆవిడతో కలిసి కాయలు ఒలిచి వచ్చేశాను.

ఇప్పుడు నా క్లాసులో ఏ పిల్లయినా ఉన్నట్టుండి మాట మానేస్తే నాకూ భయం వేస్తుంది. అది వయసో, దిగులో, మరొకటో పోల్చుకోలేను. తేలకుండానే, ఇంటర్వెల్ గంట కొట్టాక వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంటాను.